బాట మీద నీరు నిలవకూడదు

అమెరికా జాతీయ అడవుల్లో మనుషులు నడిచే, గుర్రాలు తిరిగే బాటలన్నిటినీ కొసకు కొస కలిపితే 2,50,000 కిలోమీటర్లకు పైగా అవుతాయి. ఈ అడవులు ప్రజల ఉమ్మడి ఆస్తి. వాటిని చూసుకునే బాధ్యత అక్కడి కేంద్ర ప్రభుత్వ అటవీ శాఖది. ప్రభుత్వ శాఖల పనితీరును తనిఖీ చేసే అక్కడి జవాబుదారీ కార్యాలయం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ శాఖ తానే పెట్టుకున్న ప్రమాణాలకు తగినట్లుగా ఉన్నవి వీటిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే. వాయిదా పడుతూ పేరుకుపోయిన మరమ్మతుల విలువ 2012 నాటికే 31.4 కోట్ల డాలర్లు. జీతాలిచ్చి పెట్టుకున్న సిబ్బందితో మాత్రమే ఇంత పని తీరదని గుర్తించిన చట్టసభ 2016లో ఒక ప్రత్యేక చట్టం చేసి, స్వచ్ఛందంగా వచ్చేవారి చేతుల మీదుగా జరిగే బాటల నిర్వహణను రెట్టింపు చేయడం లక్ష్యంగా పెట్టుకోవాలని అటవీ శాఖను ఆదేశించింది.

అలా వచ్చేవారిలో గుర్రపు స్వారీ చేసేవారికి ఒక ప్రత్యేకత ఉంది. కాలినడకన వెళ్ళేవారి కంటే బాటను ఎక్కువగా చెదరగొట్టేవి వారి గుర్రాలే. ఈ మాట గుర్రాలను ప్రేమించేవారికి కష్టంగా తోచవచ్చు గాని, కొలిచి చూసినవారు చెప్పినది ఇదే. ఆ సంగతి తెలిసి కూడా తప్పుకోకుండా, సెలవు రోజుల్లో పారా గొడ్డలీ పట్టుకొని కొండెక్కుతున్నారు గనుకనే వారి శ్రమ నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది.

ఆ కొలతలు ఎలా తీశారో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మోంటానా రాష్ట్రపు పడమటి భాగంలో లూబ్రెక్ట్ అనే ప్రయోగ అరణ్యం ఉంది. అక్కడ అప్పటికే ఉన్న ఒక బాటను 56 చిన్న మడులుగా విభజించి, కొన్నిటి మీద మనుషులను, కొన్నిటి మీద గుర్రాలను, మరికొన్నిటి మీద దక్షిణ అమెరికా బరువుల జంతువులైన లామాలను, కొన్నిచోట్ల 250 సార్లు, కొన్నిచోట్ల 1000 సార్లు నడిపించారు. కొన్ని మడులను పోల్చి చూడడానికి ఎవరూ తొక్కకుండా వదిలేశారు. కొన్నిటిని ముందుగా తడిపారు, కొన్నిటిని పొడిగా ఉంచారు. తరువాత కృత్రిమ వర్షం కురిపించి, ఏ మడి నుంచి ఎంత మట్టి కొట్టుకుపోయిందో చూశారు. 1998లో వెలువడిన ఈ పరిశోధనలో, నేల తడిగా ఉన్నా పొడిగా ఉన్నా, తొక్కిడి తక్కువైనా ఎక్కువైనా, గుర్రాలు నడిచిన మడుల నుంచే ఎక్కువ మట్టి పోయింది. లామాల వల్ల పోయిన మట్టికీ మనుషుల వల్ల పోయిన మట్టికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇందులో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. అంత బరువైన జంతువు నడిస్తే నేల అణిగి గట్టిపడుతుందని మనం సహజంగా అనుకుంటాం. కానీ పొడి బాట మీద తొక్కిడి వల్ల నేల గుల్లబారింది. గుర్రాలు నడిచినచోట పైభాగం మరింత గరుకుగా తయారైంది. 450 కిలోల గుర్రం మీద జీనూ మనిషీ కలిస్తే మొత్తం 550 కిలోలు దాటుతుంది. నడిచేటప్పుడు గుర్రం ఒక క్షణం రెండు కాళ్ళ మీద, మరుక్షణం మూడు కాళ్ళ మీద నిలుస్తుంది కాబట్టి, ఒక్కో డెక్క మీద 250 కిలోలకు పైగా బరువు పడే క్షణాలు ప్రతి అంగలోనూ ఉంటాయి. ఆ బరువును ఇనుప లాడపు సన్నని అంచు నేలకు దించుతుంది, డెక్క ముందుకు తన్నేటప్పుడు మట్టిని పెళ్ళగిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా అణగి గట్టిపడిన బాట పైపొర అలా పొడిపొడిగా విడిపోయి, తరువాతి వానకు సిద్ధంగా ఉంటుంది.

అంటే గుర్రం మట్టిని కదిలిస్తుందే గాని తీసుకుపోదు, తీసుకుపోయేది నీరు. బాట నిర్వహణ శాస్త్రమంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్ల వరకూ పెరుగుతుందని నీటి గతిశాస్త్రంలో ఒక పాత లెక్క ఉంది. నిజమైన వాగుల్లో ఆ లెక్క అచ్చంగా సరిపోకపోయినా, చెప్పే విషయం మాత్రం నిజం: బాట మీద పడిన నీరు వేగం పుంజుకోక ముందే దాన్ని పక్కకు దించాలి. కొండను నిలువుగా ఎక్కే బాట ఎంత దగ్గరి దారి అయినా, వాన పడగానే అదే కాలువగా మారిపోతుంది. అందుకే బాటలు వేసేవారు కొండ వాలులో సగానికి మించిన వాలు బాటకు ఉండకూడదని ఒక నియమం పెట్టుకున్నారు. కొండ వాలు 40 శాతం ఉంటే బాట వాలు 20 శాతం దాటకూడదు. మొత్తం మీద సగటు వాలు 10 శాతం లోపే ఉండేలా చూడడం మరింత క్షేమం. ఈ నియమం పాటిస్తే పైనుంచి వచ్చిన నీరు బాట వెంబడి సాగకుండా బాటను అడ్డంగా దాటి కిందికి పోతుంది.

అలా దాటాలంటే బాట లోయవైపుకు ఒకింత ఒరిగి ఉండాలి. మీటరు వెడల్పుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల వాలు చాలు. ఆ స్వల్పమైన ఒరుగు నిలబెట్టడమే స్వచ్ఛంద సేవకులకు అన్నిటికంటే ఎక్కువ పని పెట్టే విషయం. డెక్కలు నెట్టిన మట్టి బయటి అంచున చిన్న గట్టులా పేరుకుంటుంది, ఆ గట్టు నీటిని లోపలే ఆపి బాట పొడవునా పారిస్తుంది. కొండవైపు నుంచి రాలిన మట్టి లోపలి అంచును పూడుస్తుంది. ఇరుపక్కలా మూటలు మోసే జంతువులు, మూటలు కొండకు రాసుకోకుండా, బయటి అంచు పట్టుకునే నడుస్తాయి; ఆ అంచు విరిగిన కొద్దీ బాట ఏటికేడు కొద్దికొద్దిగా లోయవైపుకు జారుతుంది. గట్టును చెక్కి తీయడం, లోపల పూడిన మట్టిని తవ్వి గుర్రాలను మళ్ళీ నడిమికి రప్పించడం చూసేవారికి పెద్ద పనిగా అనిపించదు. కానీ ఒక వానకాలంలో అది కాపాడే మట్టిని మళ్ళీ తెచ్చి పోయాలంటే ఎన్ని మూటలైనా చాలవు.

వాలు బాటల్లో అక్కడక్కడా బాటను కొంచెం దించి మళ్ళీ ఎక్కించే పల్లాలు తీస్తారు. నీరు ఆ పల్లంలో ఆగి, ఒరుగున్న వైపుకు జారిపోతుంది. పూర్వం బాటకు అడ్డంగా దుంగలు పాతి నీటిని మళ్ళించేవారు; దుంగ వెనుక మట్టి నిండిపోవడం, దుంగ పుచ్చిపోవడం, గుర్రపు కాళ్ళు తగిలి అది కదిలిపోవడం మామూలే గనుక, అనువైన చోట పల్లాలే మేలని చాలామంది అభిప్రాయం. చిత్తడి నేలల్లో మాత్రం ఈ ఉపాయాలేవీ పనిచేయవు. అక్కడ ఇరుపక్కలా కాలువలు తీసి, మధ్యలో దుంగల నడుమ కంకర పోసి కట్టలా ఎత్తుతారు. అలా చేయకపోతే బురదను తప్పించుకోవడానికి ప్రతి గుర్రమూ కొంచెం పక్కకు వెళ్ళి, ఒక బాట నాలుగైదు పాయలై పచ్చికను తినేస్తుంది.

ఈ పనులన్నీ మోంటానాలోని బాబ్ మార్షల్ అరణ్య సముదాయం వంటి చోట్ల మరింత కష్టం. గ్లేసియర్ జాతీయ పార్కు చూడడానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు ఆ పార్కు దక్షిణపు హద్దు వెంట రెండో నంబరు హైవే మీద ప్రయాణిస్తే, రోడ్డుకు అవతలి పక్కన కనిపించే కొండలు ఈ సముదాయపు ఉత్తరపు కొసవే. మూడు రక్షిత అరణ్యాలు కలిసిన ఈ ప్రాంతం 15 లక్షల ఎకరాలకు పైబడినది. లోపల మోటారు రోడ్డు అన్నది లేదు. 1964 నాటి అరణ్య పరిరక్షణ చట్టం ఇలాంటి చోట్ల మోటారు యంత్రాలనూ చక్రాల వాహనాలనూ నిషేధించింది. మోటారు రంపం తీసుకువెళ్ళకూడదు, కంకర తోయడానికి ఒంటి చక్రపు తోపుడు బండి కూడా కూడదు. అందువల్ల కంకర కంచర గాడిదల మీద, అడుగు తెరుచుకునే పెట్టెల్లో, రెండు పక్కలా బరువు సమంగా సర్ది ప్రయాణిస్తుంది. ఒక్కో జంతువు సుమారు 70 కిలోలు మోస్తుంది. పనివాళ్ళ తిండి, గుడారాలు, పనిముట్లు కూడా అలాగే చేరాలి కాబట్టి, గుర్రాలను పెంచి, బరువులు కట్టడం తెలిసినవారు లేకపోతే లోతట్టు బాటల మరమ్మతు దాదాపు జరగదు. ఈ సముదాయానికి పొరుగున ఉన్న ఫ్లాట్‌హెడ్ లోయలోనే 1973లో కొందరు స్వారీదారులు బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ అనే సంఘాన్ని స్థాపించారు. అది తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. సంఘం పుట్టడానికి ముందు ఏడాదే, జాతీయ అడవుల్లో స్వచ్ఛంద సేవను అనుమతించే చట్టం వచ్చింది.

వారి చేతి పనిముట్లలో ముఖ్యమైనది పులాస్కి. ఒకవైపు గొడ్డలి, మరోవైపు బాడిసలాంటి అడ్డపలక ఉన్న ఈ పనిముట్టుకు, 1910 ఆగస్టులో ఐడహో, మోంటానా అడవులను దహించిన మహాగ్ని సమయంలో తన మనుషులను ఒక గని సొరంగంలోకి నడిపించి ఎక్కువమందిని బతికించిన అటవీ ఉద్యోగి ఎడ్ పులాస్కి పేరు నిలిచింది. వేరు నరకాలన్నా, గట్టు చెక్కాలన్నా ఇదే. దీని తరువాత చెప్పవలసినది ఇద్దరు చెరొక పక్క పట్టి కోసే పొడవాటి రంపం. దాని పళ్ళలో కొన్ని చెక్క పీచును రెండు పక్కలా కోసి గీత పెడతాయి, వాటి నడుమ ఉన్న మరో రకం పళ్ళు ఆ తెగిన పీచును చిత్రికలా లేపి బయటికి లాగుతాయి. పదును సరిగ్గా కుదిరిన రంపం నుంచి పొడి రాలదు, సేమియాలాంటి పొడవాటి పోగులు వస్తాయి. రేకు పలచన కాబట్టి ఎవరి వంతుకు వారు లాగాలే గాని ఎదుటివారి వైపుకు నెట్టకూడదు. నెడితే రేకు వంగుతుంది.

బాటకు అడ్డంగా పడిన చెట్టును కోయడానికి బలం కంటే ముందు చూపు కావాలి. రెండు కొసలూ ఆని, నడుమ వేలాడే దుంగలో పైభాగం ఒత్తుకుంటూ, కిందిభాగం సాగుతూ ఉంటుంది. పైనుంచి కోస్తూ పోతే కోత మూసుకొని రంపం ఇరుక్కుంటుంది. చీలలు కొట్టి కోతను తెరిచి ఉంచాలి, లేదా కింది నుంచి కోయాలి. దుంగ తెగిన క్షణాన ఏ ముక్క ఎటు దొర్లుతుందో అంచనా వేయలేనివారు అక్కడ నిలబడకూడదు. అందుకే అటవీ శాఖ స్వచ్ఛంద సేవకులకు కూడా శిక్షణ ఇచ్చి, పరీక్షించి, అర్హత పత్రం ఉన్నవారినే రంపం పట్టనిస్తుంది. గుర్రం మీద మనిషి కూర్చొని వెళ్ళాలంటే బాటకు సుమారు మూడు మీటర్ల ఎత్తున, రెండున్నర మీటర్ల వెడల్పున ఖాళీ కావాలి కాబట్టి కొమ్మల నరుకుడూ తక్కువేమీ ఉండదు.

అగ్ని ప్రమాదాలు ఈ పనిని ఎన్నో రెట్లు పెంచాయి. 1988లో బాబ్ మార్షల్ సముదాయంలో చెలరేగిన కాన్యన్ క్రీక్ మంట ఒక్కటే సుమారు రెండున్నర లక్షల ఎకరాలను చుట్టేసింది. కాలిన చెట్లు వెంటనే పడిపోవు. వేళ్ళు కుళ్ళిన కొద్దీ ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే, ఒక్కోసారి గాలివానకు గుంపులుగా కూలుతాయి. పైగా తీవ్రంగా కాలినచోట ఆకుచెత్తలోని మైనం వంటి పదార్థాలు ఆవిరై, నేలలోకి దిగి, మట్టి రేణువుల మీద పూతలా పేరుకుంటాయి. ఆ మట్టి మీద పడిన నీరు తామరాకు మీది బొట్టులా ఇంకకుండా జారిపోతుంది. నిన్నటి దాకా అడవి పీల్చుకున్న వాన ఇప్పుడు బాట మీదికి వస్తుంది.

మరమ్మతు కోసం వచ్చిన గుర్రాలు కొత్త నష్టం చేయకుండా చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. కలుపు విత్తనాలు లేవని ధ్రువీకరించిన మేతనే తెస్తారు; పేడ ద్వారా మొలకెత్తే పరదేశీ కలుపు మొక్కలు పచ్చిక బయళ్ళను ఆక్రమించే ప్రమాదం ఉంది. గుర్రాన్ని నేరుగా చెట్టుకు కడితే అది కాళ్ళతో గోకి వేళ్ళను బయటపెడుతుంది గనుక, బెరడు కోసుకోకుండా రెండు చెట్లకు వెడల్పాటి పట్టీలు చుట్టి, వాటి నడుమ ఎత్తుగా తాడు బిగించి, ఆ తాడుకు కడతారు. అదీ వాగుకు సుమారు 60 మీటర్ల దూరంలో.

చేసిన పని నిలిచిందో లేదో ఎండలో చూస్తే తెలియదు. అనుభవజ్ఞులు వాన కురుస్తుండగా బాట వెంట నడుస్తారు. నీరు ఎక్కడ బాటలోకి దిగుతోంది, ఎంత దూరం సాగుతోంది, తీసిన పల్లం దగ్గర నిజంగా మలుపు తిరుగుతోందా, లేక పేరుకున్న ఆకుల మీదుగా దాటిపోతోందా అన్నది అప్పుడే కంటికి కనిపిస్తుంది. ఆకులు అడ్డుపడినచోట పార అంచుతో ఒక్క గీత గీస్తే, మురికి నీరు ఒక్క క్షణం తటపటాయించి లోయవైపుకు జారిపోతుంది.