పాత కారుకు కొత్త పెయింట్ కొట్టించే ముందు: అపోహలు – వాస్తవాలు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా లాంటి పాత కార్ల వెలిసిపోయిన పెయింట్‌ని చేత్తో రుద్ది మళ్ళీ మెరుపు తెప్పించడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే ఏదో ఒక షెడ్డుకి వెళ్ళి వచ్చి ఉంటారు. "ఇదంతా పోయింది సార్, మొత్తం గీకేసి ఫుల్ పెయింట్ కొట్టేద్దాం" అని అక్కడ చెప్పి ఉంటారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకంటే చాలా ముందే ఆగింది. ఫ్యాక్టరీలో ఆ బాడీ మీద పడిన పెయింట్‌ని ఒకసారి గీకేస్తే ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు. అందుకే గీకాలా వద్దా అని తేల్చుకునే ముందు ఇది చదవండి.

అపోహ: పెయింట్ పాలిపోయి, చెయ్యి పెడితే పొడి అంటుకుంటోందంటే ఇక దాని పని అయిపోయినట్టే.

వాస్తవం: చాలా బళ్ళలో అయిపోయింది పైపొర మాత్రమే. పెయింట్‌లో రంగునిచ్చే పిగ్మెంట్ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే రెజిన్ ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఏళ్ళ తరబడి పైనున్న రెజిన్‌ని దెబ్బతీస్తాయి. పట్టి ఉంచేది పోయాక పిగ్మెంట్ పొడిగా మిగిలిపోతుంది. మీ అరచేతికి అంటేది అదే. ఉపరితలం గరుకెక్కడంతో దాని మీద పడ్డ వెలుతురు చెదిరిపోయి రంగు తెల్లబారినట్టు కనిపిస్తుంది. నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, మెరూన్ గులాబీలోకి వస్తుంది.

కింద ఏముందో చూడాలంటే డోర్ తెరిచి, రబ్బరు బీడింగ్‌ని కొంచెం పక్కకి తప్పించండి. ఎండ తగలని ఆ సన్నటి గీతలో అసలు రంగు ఉంటుంది. మనం ఎక్కడిదాకా వెళ్ళొచ్చో అది చెబుతుంది. అలాగే రూఫ్, బానెట్, డిక్కీ మూత ముందు పాడవుతాయి, ఎండ నేరుగా పడేది వాటి మీదే కాబట్టి. డోర్ల కింది భాగం చాలాసార్లు మురికి పట్టి ఉంటుందే తప్ప పెయింట్ బాగానే ఉంటుంది. బండి అంతటికీ ఒకే వైద్యం చేయాల్సిన పనిలేదు.

అపోహ: కొత్త కారుకి వాడే పాలిషే పాత కారుకి కూడా, పెయింట్ ఏదైతే ఏంటి?

వాస్తవం: ఇప్పటి కార్లలో రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మనం పాలిష్ చేసేది ఆ పొరనే, రంగుని తాకం. పాత కార్లలో, ముఖ్యంగా మెటాలిక్ కాని మామూలు రంగుల్లో, చాలావరకు సింగిల్ స్టేజ్ పెయింట్ ఉంటుంది. రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉంటాయి. ఇక్కడ ప్రతి రుద్దుడూ రంగునే తీస్తుంది.

తెలుసుకోవడం తేలిక. తెల్ల బనియన్ గుడ్డ మీద కొంచెం మైల్డ్ పాలిష్ వేసి, పెద్దగా కనిపించని చోట రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్. అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉందన్నమాట, అంటే మధ్యలో ఎవరో మళ్ళీ పెయింట్ వేయించి ఉండొచ్చు. తెల్ల కారైతే నల్ల గుడ్డ వాడండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. డిక్కీ లోపల ఏదో మూలన, దూదికి ఒక చుక్క ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ అద్ది ఒత్తి చూడండి. కరిగి రంగు దిగిపోతే ఎన్‌సీ పెయింట్, అంటే మన షెడ్లలో డూకో అనేది. ముడతలు పడి ఉబ్బితే సింథటిక్ ఎనామిల్. పెద్దగా ఏమీ కాకపోతే టూకే పెయింట్, అంటే హార్డెనర్ కలిపి వేసేది. ఈ పరీక్ష బయటి ప్యానెల్ మీద మాత్రం వద్దు.

అపోహ: ముందు వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) కొట్టి, తర్వాత రబ్బింగ్ కాంపౌండ్‌తో (గరుకు పాలిష్‌తో) గట్టిగా రుద్దితేనే మెరుపొస్తుంది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినన్ని ఒరిజినల్ పెయింట్లు ఎండ వల్ల కూడా పోయి ఉండవని నా అభిప్రాయం. ఫ్యాక్టరీ పెయింట్ మందం ప్రైమర్‌తో కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు. అందులో రంగు పొర సగమే ఉండొచ్చు, ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్నిసార్లు పాలిష్ చేసి దాన్ని ఇంకెంత తగ్గించారో లెక్క ఉండదు. 1500 నంబర్ పేపర్‌తో మొదలుపెడితే మిగిలిందంతా ఆ పేపర్ గీతలు పోగొట్టడానికే ఖర్చవుతుంది.

అన్నింటికంటే మెత్తటి పాలిష్‌తో, ఒక జానెడు చోట మొదలుపెట్టాలి. చాలకపోతేనే దానికంటే ఒక మెట్టు గట్టిది తీసుకోవాలి. చాలాసార్లు ఆ మెత్తటిదే సరిపోతుంది. ఎందుకంటే తీయాల్సిన పొడి పొర దానంతటదే బలహీనంగా ఉంది.

బానెట్ మధ్య గీత, మడ్‌గార్డ్ వంపులు, డోర్ అంచులు: వీటి జోలికి కాంపౌండ్‌తో వెళ్ళొద్దు. పెయింట్ వేసినప్పుడే అది అంచుల నుంచి జారి అక్కడ పల్చబడుతుంది. నేను ముందే ఆ గీతల మీద మాస్కింగ్ టేప్ అంటించి, చివర్లో టేప్ తీసి మెత్తటి గుడ్డతో రెండుసార్లు మాత్రం రుద్దుతాను. వీలైతే పెయింట్ మందం చూపించే గేజ్ ఉన్నవాళ్ళతో ఒకసారి కొలిపించండి. 300 మైక్రాన్లు దాటి చూపిస్తే ఆ ప్యానెల్‌కి రీపెయింట్ అయినా జరిగి ఉంటుంది, కింద లప్పమైనా (సొట్టలు పూడ్చే పుట్టీ) ఉంటుంది.

పేపర్ గురించి ఇంకో మాట. పాత పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఆరెంజ్, కొన్ని ఎరుపుల్లో సీసం ఉన్న పిగ్మెంట్లు వాడేవారు. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో 90కి) కట్టడి చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, అది కూడా కార్ల పెయింట్లకి కాదు. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. తడి మీదే పని చేయండి, మాస్క్ పెట్టుకోండి, వాడిన గుడ్డలు ఇంట్లో బట్టలతో కలపకండి. పిల్లల్ని ఆ దగ్గరికి రానివ్వొద్దు.

అపోహ: "పెయింట్ నూనె తాగుతుంది" అనేది పాతకాలం వాళ్ళ కట్టుకథ.

వాస్తవం: క్లియర్ కోట్ విషయంలో అది నిజంగానే కట్టుకథ. సింగిల్ స్టేజ్ విషయంలో పాతకాలం వాళ్ళు చెప్పింది చాలావరకు నిజం. రెజిన్ పోయిన పైపొరలో సన్నటి ఖాళీలు ఉంటాయి. గ్లేజ్ అనే, నూనెలున్న మెరుపు క్రీమ్‌లోని నూనెలు ఆ ఖాళీల్లోకి దిగితే వెలుతురు చెదరడం తగ్గి, రంగు ముదురుతుంది. ఎండి పెళుసెక్కిన పొర కాస్త మెత్తబడి, తర్వాత పాలిష్‌తో తేలిగ్గా వస్తుంది. ఈ పనికి మెగ్వయర్స్ నంబర్ 7 షో కార్ గ్లేజ్‌కి ప్రపంచమంతటా పేరుంది. 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన కంపెనీ అది. ఈ గ్లేజ్‌లో పెయింట్‌ని కోసే గుణం లేదు, అదే దాని మంచితనం.

మెరూన్ పద్మిని బానెట్ మీద ఈ పని ఎలా జరుగుతుందో చెబుతాను. శుభ్రంగా కడిగి ఆరబెట్టాక, అరచేతి అంత టర్కీ టవల్ ముక్క మీద గ్లేజ్ ధారాళంగా పోస్తాను. పాలిష్ చేసేటప్పుడు వాడేంత కాదు, అంతకు నాలుగైదింతలు. టవల్ నూలు పోగులు ఆ పొడిని పట్టి లాగుతాయి. మొదటి రుద్దుడుకే టవల్ తిరగేసి చూస్తే మధ్యలో పొడి గులాబీ రంగు, దాని చుట్టూ ముదురు మెరూన్ రింగు. గులాబీ రంగు చచ్చిన పిగ్మెంట్, మెరూన్ కిందినుంచి వస్తున్నది. తుడవకుండా బానెట్ అంతా తడిగా, జిడ్డుగా పూసి నీడలో ఒక రాత్రి వదిలేస్తాను. పొద్దున చూస్తే కొన్ని చోట్ల జిడ్డు అలాగే ఉంటుంది, కొన్ని చోట్ల పూర్తిగా ఇంకి పొడిబారి ఉంటుంది. ఇంకిన చోటే పెయింట్ ఎక్కువ దెబ్బతిన్నది. అక్కడ మళ్ళీ పూస్తాను. ఇంకడం ఆగిన తర్వాతే మైల్డ్ పాలిష్ ముట్టుకుంటాను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నూనె పోయిన రెజిన్‌ని తిరిగి తీసుకురాదు. గ్లేజ్ పూసి, మెరిసింది కదా అని ఆపేస్తే నాలుగు వాష్‌లకి మళ్ళీ మొదటికొస్తుంది. అలా మెరిపించి అమ్మేసే బళ్ళు మార్కెట్లో ఉన్నాయి. గ్లేజ్ తర్వాత పాలిష్‌తో చచ్చిన పొర తీయాలి, దాని మీద వాక్స్ పెట్టాలి. ఈ మూడూ వరుసగా జరిగితేనే పని.

అపోహ: కిరోసిన్, డీజిల్, కొబ్బరినూనె, టూత్‌పేస్ట్, గిన్నెల సబ్బు చాలు.

వాస్తవం: డీజిల్ గుడ్డతో తుడిస్తే అప్పటికప్పుడు తడి మెరుపు వస్తుంది, సాయంత్రానికి రోడ్డు మీద దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఆ దుమ్మునే మరునాడు గుడ్డతో రుద్దుతారు. కొబ్బరినూనె కొన్నాళ్ళకి కంపు కొడుతుంది. టూత్‌పేస్ట్‌లో రాపిడి పదార్థం ఉన్నమాట నిజమే, కానీ అది పళ్ళ కోసం తయారైంది. గిన్నెల సబ్బు ఉన్న వాక్స్‌ని కడిగేస్తుంది తప్ప వెలసిన పొరని తీయలేదు.

అపోహ: చేత్తో చేసేది పాతకాలం పద్ధతి, మెషీన్ పెడితే గంటలో అయిపోతుంది.

వాస్తవం: పనిమంతుడి చేతిలో మెషీన్ మంచిదే, దాని మీద నాకేమీ కోపం లేదు. కానీ ఎంత మందం మిగిలిందో తెలియని పెయింట్ మీద వేగంగా తిరిగే రోటరీ మెషీన్ పెడితే వేడెక్కి, అంచు దగ్గర ఒక్క క్షణంలో ప్రైమర్ బయటపడుతుంది. చెయ్యి నెమ్మది. గుడ్డ లాగుతోందో జారుతోందో వేళ్ళకి తెలుస్తుంది, రంగు ఎంత దిగుతోందో కళ్ళముందే ఉంటుంది. లోతైన గీతలు మాత్రం చేత్తో పోవు. వాటిని అలా ఉండనివ్వమనే చెబుతాను.

చేత్తో చేసేటప్పుడు వేళ్ళ కొసలతో నొక్కకండి, ఒత్తిడి గీతలుగా పడుతుంది. ఫోమ్ ప్యాడ్ గానీ, నాలుగు మడతలు పెట్టిన గుడ్డ గానీ పెట్టి అరచేత్తో రుద్దండి. గుడ్డకి రంగు నిండగానే మడత మార్చండి. గుండ్రంగా రుద్దాలా, నిలువుగా రుద్దాలా అని చాలామంది అడుగుతారు. గీతలు పడేది గుడ్డలో ఇరుక్కున్న ఇసుక వల్ల, రుద్దే దిక్కు వల్ల కాదు. చివరి చెయ్యి మాత్రం బండి పొడుగునా వేస్తే మిగిలిన సన్నటి గీతలు తక్కువగా కనిపిస్తాయి.

ఎండాకాలంలో మన దగ్గర తొమ్మిది దాటితే రేకు మీద చెయ్యి పెట్టలేం. వేడి రేకు మీద పాలిష్ వెంటనే ఎండి పట్టేస్తుంది. తెల్లవారుజామునో, పూర్తి నీడలోనో పెట్టుకోండి. బోరు నీళ్ళతో కడిగితే ఆరేదాకా వదలకండి, ఆ ఉప్పు మరకలు పోగొట్టడానికి మళ్ళీ పెయింటే అరగాలి.

అపోహ: కవర్ వేసి ఉంచితే పెయింట్‌కి ఏమీ కాదు.

వాస్తవం: దుమ్ము తుడవకుండా వేసిన కవర్ గాలికి కదిలిన ప్రతిసారీ పెయింట్‌ని గీకుతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్ కింద తేమ నిలిచి పెయింట్ బుడగలు లేస్తుంది. షెడ్డు నీడ అన్నింటికంటే మేలు. అది లేకపోతే గాలి ఆడే గుడ్డ కవర్, అదీ బండి శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే. వాక్స్ కూడా ఒకసారి పెడితే జన్మంతా ఉండదు. బయట పెట్టే బండికైతే రెండు మూడు నెలలకోసారి తిరిగి పెట్టాలి. నీళ్ళు చుక్కలుగా నిలవడం మానేశాయంటే టైమైందన్నమాట.

అపోహ: కొత్తగా ఫుల్ పెయింట్ కొట్టిస్తే బండి విలువ పెరుగుతుంది.

వాస్తవం: తెలిసిన కొనుగోలుదారు కొత్త పెయింట్ చూడగానే "కింద ఏం దాచారు?" అని అడుగుతాడు. జేబులోంచి అయస్కాంతం తీసి డోర్ కింది భాగంలో పెట్టి చూస్తాడు, మందంగా లప్పం ఉన్నచోట అది పట్టదు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా ఉన్న అసలు పదార్థాన్ని వీలైనంత కాపాడటానికే పెద్దపీట వేసింది. పెద్ద పెద్ద పాతకార్ల పోటీల్లో, పెయింట్ మార్చకుండా ఉన్నదున్నట్టు నిలిచిన బళ్ళకి విడిగా ఒక విభాగమే ఉంటుంది. చిన్న చిన్న దెబ్బలు, సొట్టలు ఉన్నా సరే, యాభై ఏళ్ళ కిందటి పెయింట్ మెరుస్తూ ఉన్న అంబాసిడర్ పక్కన నిన్న కొట్టించిన అంబాసిడర్ నా కంటికి ఆనదు.

అపోహ: ఓపిక ఉంటే ఏ పెయింట్‌నైనా వెనక్కి తేవచ్చు.

వాస్తవం: ఈ మాట చెప్పి డబ్బులు తీసుకోవడం తప్పు. ఎండిన చెరువులా పగుళ్ళు పారిన పెయింట్ పాలిష్‌తో అతుక్కోదు, పగుళ్ళలో పాలిష్ ఇరుక్కుని ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. పెచ్చులుగా లేచిన క్లియర్ కోట్‌కి మందు లేదు. బుడగలు లేచాయంటే చాలాసార్లు కింద తుప్పు నడుస్తుంటుంది, ముందు దాన్ని చూడాలి. సింగిల్ స్టేజ్ మెటాలిక్ కూడా కష్టమే. అందులోని అల్యూమినియం రేణువులు పైకి తేలి నల్లబడతాయి, రుద్దేకొద్దీ మచ్చలుగా తయారవుతుంది.

అలాంటప్పుడు కూడా పాడైన ప్యానెల్ వరకే పెయింట్ వేయించండి, బాగున్న డోర్లనీ మడ్‌గార్డులనీ దానితో కలిపి గీకించకండి. పెయింటర్‌తో ముందే మాట్లాడుకుని డిక్కీ లోపల, డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న ఫ్యాక్టరీ పెయింట్‌ని ముట్టుకోవద్దని చెప్పండి. డబ్బా మీద రాసిన షేడ్ పేరుతో సరిపెట్టుకోకుండా, పక్కనున్న బాగున్న ప్యానెల్‌ని ముందు పాలిష్ చేయించి, పగటి వెలుతురులో దానితో పోల్చి రంగు కలపమనండి.