మెట్రిక్స్ ఎండ్‌పాయింట్‌కు తాళం: అపోహలు – వాస్తవాలు

అపోహ: "అందులో ఉండేవి ఉత్త అంకెలే కదా, ఎవరు చూస్తే ఏంటి?"

ఏ టీమ్‌తో రివ్యూకి కూర్చున్నా ఈ మాట వినాల్సి వస్తోంది. మెట్రిక్స్ ఎండ్‌పాయింట్ అంటే యాప్ తన పనితీరు లెక్కలను (ఎన్ని రిక్వెస్టులు వచ్చాయి వంటివి) చూపించే వెబ్ పేజీ. దయచేసి మీ మెట్రిక్స్ పేజీని ఒక్కసారి బ్రౌజర్‌లో తెరిచి పైనుంచి కిందిదాకా చదవండి. అంకెల పక్కన లేబుళ్లు, అంటే ఆ అంకె దేనిదో చెప్పే పేర్లు, ఉంటాయి. గుట్టంతా వాటిలోనే ఉంది. ఏ వెర్షన్ నడుస్తోందో తెలిస్తే, దానిలో సరిచేయని లొసుగులేవో వెతుక్కోవచ్చు. లోపలి హోస్టుల పేర్లు, కస్టమర్ల పేర్లు, ఎవరికీ చెప్పని అడ్మిన్ రూట్లు వరసగా కనిపిస్తాయి.

ఒక కంపెనీవాళ్లు ప్రోమిథియస్ (ఈ అంకెలను ఎప్పటికప్పుడు సేకరించి దాచే మానిటరింగ్ టూల్) మెమరీ అంతకంతకూ పెరిగిపోతోందని పిలిచారు. చూస్తే, రిక్వెస్టుల కౌంటర్‌లో పాత్ లేబుల్‌కు రూట్ ప్యాటర్న్ (/users/:id లాంటి మూస) ఇవ్వకుండా, వచ్చిన యూఆర్ఎల్‌నే యథాతథంగా ఎక్కించారు. ప్రతి కొత్త యూఆర్ఎల్‌కూ ఒక కొత్త టైమ్ సిరీస్ (విడిగా దాచాల్సిన అంకెల వరస). మెమరీ సంగతి అటుంచండి, వాళ్ల పాస్‌వర్డ్ రీసెట్ లింకులో టోకెన్ (పాస్‌వర్డ్ మార్చుకోనిచ్చే రహస్య కోడ్) ఉండేది పాత్‌లోనే. యూజర్ లింకు తెరిచి కొత్త పాస్‌వర్డ్ టైప్ చేస్తుండగానే ఆ టోకెన్ మెట్రిక్స్ పేజీలో కనిపిస్తోంది. ఆ పేజీ ఇంటర్నెట్‌కంతా తెరిచి ఉంది! ఉత్త అంకెలేనా ఇవి?

లేబుల్‌లో రూట్ ప్యాటర్న్ మాత్రమే పెట్టండి. ఆ తర్వాత తాళం కూడా వేయండి. ఒకటి చేశాం కదా అని రెండోది మానొద్దు.

అపోహ: "లోకల్‌హోస్ట్‌కు మాత్రమే అనుమతి ఇచ్చాం."

అదే మెషీన్‌లో ముందు ఎన్‌జినెక్స్ (రిక్వెస్టులను అందుకుని యాప్‌కు పంపే వెబ్ సర్వర్) ఉంటే, బయటినుంచి వచ్చే ప్రతి రిక్వెస్టూ మీ యాప్‌కు 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే అదే మెషీన్) నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఆ కాపలా ఎవరినీ ఆపదు.

అపోహ: "ఆథెంటికేషన్ పెడితే మానిటరింగ్ పడిపోతుంది."

ఈ భయం నాకు అర్థమవుతుంది. ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాళ్లకు అర్ధరాత్రి అలర్ట్ మోగితే ఎలా ఉంటుందో తెలుసు. కానీ వరస పాటిస్తే ఏమీ కాదు. ముందు ప్రోమిథియస్ స్క్రేప్ కాన్ఫిగ్‌లో (అంకెలు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పే సెట్టింగుల్లో) బేరర్ టోకెన్ ఫైల్ (రిక్వెస్టు హెడర్‌లో పంపే రహస్య కోడ్) గానీ, బేసిక్ ఆథ్ (హెడర్‌లోనే పంపే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) గానీ పెట్టండి. తాళం లేని ఎండ్‌పాయింట్ ఆ హెడర్‌ను మామూలుగా పట్టించుకోదు. టార్గెట్లన్నీ (ప్రోమిథియస్ చదివే ఎండ్‌పాయింట్లు) అప్ అని చూసుకున్నాకే సర్వర్ వైపు తనిఖీ మొదలుపెట్టండి. వరస తప్పినా 401 (అనుమతి లేదనే జవాబు) వచ్చి ఆ టార్గెట్ డౌన్ అని కనిపిస్తుంది, అంతే. మీ యాప్ నడుస్తూనే ఉంటుంది.

అపోహ: "బేసిక్ ఆథ్‌లో పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది."

లేదు. అది బేస్64 రూపంలో వెళ్తుంది, దాన్ని ఎవరైనా విప్పగలరు. టీఎల్ఎస్ (కనెక్షన్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) తప్పనిసరి. నోడ్ ఎక్స్‌పోర్టర్‌కైతే (మెషీన్ మెట్రిక్స్ ఇచ్చే టూల్) వెబ్ కాన్ఫిగ్ ఫైల్‌లోనే సర్టిఫికెట్, బీక్రిప్ట్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను తిరిగి విప్పలేని రూపంలో దాచేది) రెండూ ఇవ్వొచ్చు.

అంతా అయ్యాక ఆఫీస్ నెట్‌వర్క్ బయటినుంచి, పాస్‌వర్డ్ ఇవ్వకుండా కర్ల్ (కమాండ్ లైన్ నుంచి పేజీ తెచ్చే టూల్) కొట్టి చూడండి. 200 (పేజీ దొరికిందనే జవాబు) వస్తే పని ఇంకా మిగిలే ఉంది.