ఖాకీ తొడగాలంటే అత్తగారు ఒప్పుకోవాలా?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగే మంగళవారం మూడులాంతర్ల కూడలి దగ్గర తాడు పట్టుకుని జనాన్ని ఆపేవాళ్లలో ఆడ కానిస్టేబుళ్లూ ఉంటారు. టోపీ కిందనుంచి చెమట కారుతుంటుంది. "వెనక్కి జరగండమ్మా" అని అరిచి అరిచి సాయంత్రానికి గొంతు పోతుంది. ఇంటికొచ్చి టీవీ పెడితే, సీరియల్లో పోలీసు కోడలు మేకప్ చెదరకుండా అత్తగారి ముందు తల దించుకుని నిలబడి ఉంటుంది. ఈ కోడలు ఎక్కణ్నుంచి వచ్చింది?

మొదట్లో ఇలా లేదు. 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' అనే హిందీ సీరియల్ వచ్చింది. ఐపీఎస్ సాధించే కల్యాణి కథ అది. రాసింది, తీసింది, నటించింది అంతా కవితా చౌదరే. సర్ఫ్ యాడ్‌లో లెక్క చూసి మరీ కొనే లలితాజీ ఈవిడే. కథ ఉత్త ఊహ కాదు, సొంత అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య జీవితం. ఆ అక్కే 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు. దేశంలో డీజీపీ అయిన మొదటి మహిళ ఆవిడ.

మరుసటేడు మనకి 'కర్తవ్యం' వచ్చింది, విజయశాంతికి జాతీయ అవార్డు తెచ్చింది. అది సినిమాయే అనుకోండి, కానీ లేడీ పోలీసంటే మనవాళ్లకి ఇప్పటికీ అందులో ఆవిడ వేసిన వైజయంతి పాత్రే గుర్తొస్తుంది.

బయటి దేశాల్లోనూ దారేమీ సాఫీగా లేదు. అమెరికాలో 1982లో మొదలైన 'కాగ్నీ అండ్ లేసీ'లో ఇద్దరు ఆడ డిటెక్టివ్‌లు. మరీ దూకుడుగా ఉన్నారని ఛానెల్ ఒక నటిని మార్చేసింది, తర్వాత సీరియల్నే ఆపేసింది. ప్రేక్షకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే మళ్లీ మొదలెట్టింది. 1991లో బ్రిటన్‌లో వచ్చిన 'ప్రైమ్ సస్పెక్ట్'లో హెలెన్ మిరెన్ పాత్రకి పెద్ద కేసు దక్కింది ఎప్పుడనుకున్నారు? దాన్ని చూస్తున్న మగ అధికారి గుండెపోటుతో పోయాక. అక్కడ అడ్డంతా స్టేషన్లోనే. మన డైలీ సీరియల్ ఆ అడ్డుని ఇంట్లోకి తెచ్చిపెట్టింది.

2011లో స్టార్ ప్లస్‌లో వచ్చిన 'దియా ఔర్ బాతీ హమ్'లో మిఠాయి కొట్టతని భార్య ఐపీఎస్ కావాలనుకుంటుంది, అత్తగారు వద్దంటుంది. అదే తెలుగులో 'ఈతరం ఇల్లాలు'గా డబ్ అయింది. 2021లో స్టార్ మాలో 'జానకి కలగనలేదు'గా మళ్లీ తీశారు. కారణం పెద్ద రహస్యమేం కాదు. రోజుకో ఎపిసోడ్ ఇవ్వాలి. హాలు, వంటగది సెట్ ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. రోజూ ఛేజింగ్ ఎవడు తీస్తాడు? అందుకే ఖాకీ బీరువాలో, కథ వంటింట్లో.

మరి 2022లో మా దగ్గర? శ్రీకాకుళం ఎస్పీ జి.ఆర్. రాధిక, విజయనగరం ఎస్పీ ఎం. దీపిక. పక్కపక్క జిల్లాలు రెండింటికీ ఆడవాళ్లే. రాధిక 2016లో ఎవరెస్ట్ ఎక్కి వచ్చిన మనిషి.

కానిస్టేబుల్ సెలక్షన్‌కి ఆడపిల్ల ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. ఏజెన్సీ గిరిజన అమ్మాయిలకి 150 చాలు. మా వీధిలో ఒకమ్మాయి గుమ్మం పక్క గోడకి ఆనుకుని నిలబడితే, నాయనమ్మ తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీస్తోంది.

"ఏటే, మడమ ఎత్తేసినావు. సరిగ్గా నిలబడు."