వాన లేని ఊళ్లో సైలెన్సర్‌కు తడి ఎక్కడిది?

"అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అయినా మూడేళ్లకే బైకు సైలెన్సర్‌కు కింద చిల్లు పడింది. సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఆగుతుందా?" ఒక పాఠకుడి ప్రశ్న ఇది.

ఆ తడి వానది కాదు, పెట్రోలుది.

పెట్రోలులోని హైడ్రోజన్ మండితే నీరవుతుంది. లెక్క కట్టి చూడండి. ఆక్టేన్ అణుభారం 114, అది మండితే పుట్టే తొమ్మిది నీటి అణువులది 162. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగుతుంది, అందులోంచి వెయ్యి గ్రాములకు పైగా నీరు వస్తుంది. లీటరుకు లీటరు! 20 శాతం ఇథనాల్ కలిపినా ఈ లెక్క పెద్దగా మారదు. బడిలో ఈ సమీకరణాన్ని బోర్డు మీద సమతుల్యం చేసి వదిలేస్తారు. పొద్దున్నే స్టార్ట్ చేసిన బండి పైపు ముందు చల్లని స్టీలు పళ్లెం పట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మరచిపోరు. అదే పైపు చివర నీటిచుక్కలు చూసి ఇంజను పోయిందని హడలిపోయేవాళ్లున్నారు, దిష్టి తగిలిందని నిమ్మకాయ మార్చేవాళ్లూ ఉన్నారు. పెట్రోలు మండితే నీళ్లు రావాల్సిందే, అందులో కీడేమీ లేదు.

కీడు ఆ నీళ్లు లోపలే ఆగిపోవడంలో ఉంది. పొగలోని ఆవిరి సుమారు 50 డిగ్రీల కంటే చల్లగా ఉన్న రేకును తాకితే నీరై అంటుకుంటుంది. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి మీద టవర్‌క్లాక్ దాకా 3 కిలోమీటర్లు వెళ్తే 60 మిల్లీలీటర్ల పెట్రోలు కాలి, చిన్న టీ గ్లాసుడు నీరు పుడుతుంది. సైలెన్సర్ వెనక డబ్బా వేడెక్కేలోపే బండి ఆగుతుంది, ఆ నీటిలో కొంత డబ్బా అడుగున చేరుతుంది. అందులో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కరిగి దాన్ని పులుపెక్కిస్తాయి, అంటే ఆమ్లంగా మారుస్తాయి. బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది గానీ ఆమ్లం పూర్తిగా పోలేదు. రోజూ ధర్మవరం పోయొచ్చే బండిలో ఈ నీరంతా ఎగిరిపోతుంది. వీధి చివరికీ ఇంటికీ తిరిగే బండి డబ్బాయే ముందు పోతుంది, అదీ లోపలి నుంచి.

కాబట్టి డబ్బాకు పైన పూసే ఏ పూతా లోపలి తుప్పును ఆపదు. చప్పుడు తగ్గించే తడకలు, గాజుదూది ఉన్న డబ్బా లోపల సమంగా పూయడం కూడా కుదరదు. పూత నిజంగా పనికొచ్చేది ఇంజను నుంచి దిగే బెండ్ పైపుకు. దానికి లోపలా బయటా పూయొచ్చు.

ఇక్కడ పేరుతో జాగ్రత్త. కార్ వాష్ షాపుల్లో మెరుపు కోసం పూసే సిరామిక్ కోటింగ్ వేరు, అది ఈ వేడికి నిలవదు. సైలెన్సర్‌కు వాడేది సిలికోన్ రెసిన్‌లో సిరామిక్ పొడి, అల్యూమినియం రజను కలిపిన పూత. మందం 25 నుంచి 50 మైక్రాన్లే. ఎందుకంత పలచన? మీటరు ఇనుప పైపు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4.8 మిల్లీమీటర్లు సాగుతుంది, అంతే పొడవున్న అల్యూమినా అనే సిరామిక్ 3.2 దగ్గరే ఆగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 6.8. బండి ఆపినప్పుడల్లా, తీసినప్పుడల్లా ఈ లాగులాట సాగుతుంది. పలచని పూత లోహంతోపాటు సాగుతుంది, మందంగా పూసింది ఎనామిల్ పళ్లెం అంచులా పెచ్చులూడుతుంది. పగులులోంచి తడి దూరితే తుప్పు పుట్టి, ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు కావాలంటూ పూతను కిందినుంచి ఎత్తేస్తుంది.

పూత ఊడిందంటే తప్పు చాలాసార్లు పూతకు ముందు పైపును సిద్ధం చేయడంలోనే ఉంటుంది. ముందు పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ విప్పాలి, సిలికోన్ ఆవిరి దాన్ని పాడుచేస్తుంది. పైపును అసిటోన్‌తో కడిగి, 100–120 నంబరు అల్యూమినియం ఆక్సైడ్ రజనును గాలి ఒత్తిడితో కొట్టించి (బ్లాస్టింగ్) గరుకు చేయించాలి. వాగు ఇసుక వద్దు, దాని దుమ్ముతో సిలికోసిస్ వస్తుంది. పోత ఇనుమైతే రంధ్రాల్లోని నూనె బయటికొచ్చేదాకా ఓవెన్‌లో కాల్చి, మళ్లీ తుడవాలి. ఆపై వట్టిచేత్తో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు తగిలిన చోటే పూత లేస్తుంది. కొన్ని గంటల్లోపే, 15–20 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పలచని పొరలు కొట్టాలి. ఒకేసారి దట్టంగా కొడితే లోపలి ద్రావకం ఉబ్బి బొబ్బలొస్తాయి. చాలా రకాలకు 250 డిగ్రీల దగ్గర గంట కాల్పు కావాలి, పూత కొన్న డబ్బా మీద రాసిన లెక్కే చివరి మాట. సైలెన్సర్ వెనక డబ్బాకూ ఇదే పూస్తే ఓవెన్ తప్పదు. బండి నడిపితే అదే కాలుతుందనుకోవద్దు. అక్కడ అంత వేడి రాదు, పచ్చిగా మిగిలిన పూత పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది.

వేడి పైపు మీద బోరునీళ్లు కొట్టి కడగొద్దు. తెల్లగా మిగిలే ఆ ఉప్పుల్లోని క్లోరైడ్లు స్టెయిన్‌లెస్‌నూ తినేస్తాయి. పైపుకు ఆస్బెస్టాస్ తాడు చుట్టడం ఇంకా చెడ్డది, తడిని పట్టి ఉంచుతుంది.

డబ్బా అడుగున కంపెనీవాళ్లే పెట్టిన సన్నని రంధ్రం ఉంటే, నెలకోసారి తీగ పెట్టి మట్టి తీయండి. చాలామంది అది చిల్లనుకుని ఎం-సీల్ పెట్టి మూసేస్తారు. ఆ నీరు దిగే దారి అదొక్కటే.