ఒక్క గిలక, ఇరవై నాలుగు చేతులు

గుంటూరులో మా అక్కయ్య వాళ్ల ఇంట్లో రాత్రి ఎనిమిదయ్యేసరికి వైఫై నీరసించిపోయేది. అమెరికాలో చదువుకుంటున్న మేనకోడలితో వీడియోలో మాట్లాడుతుంటే ముఖం బిగుసుకుపోయేది. టీవీలో సినిమా ఆగి ఆగి నడిచేది. వరండా బల్బు ఫోను మాట వినేది కాదు. బావగారు నెలవారీ ప్లాను 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచారు. ఏమీ మారలేదు. మారే అవకాశం కూడా లేదు. ఇంటి దాకా వచ్చే తీగలో లోపమేమీ లేదు, ఉన్నదంతా ఇంటి లోపలి గాలిలోనే.

ముందు పరికరాలు లెక్కపెట్టాం. ఫోన్లు 5, ల్యాప్‌టాప్‌లు 2, టీవీలు 2, కెమెరాలు 3, బల్బులు 6, ఏసీలు 2, గీజరు ప్లగ్గు, పెరట్లో నీళ్ల మోటారు స్విచ్చు, మాట్లాడే స్పీకరు, తలుపు గంట. మొత్తం 24. అక్కయ్య మహా అయితే పది ఉంటాయనుకుంది.

ఒక్కటే గిలక, ఒక్కటే చేద ఉన్న బావిని తలచుకోండి. చుట్టూ ఎంతమంది నిలబడినా ఒకసారికి ఒక్కరే తోడగలరు. వైఫై ఛానెలు, అంటే పరికరాలన్నీ పంచుకునే రేడియో దారి, అలాంటిదే. ఒకే ఛానెలు మీద ఒక పరికరం మాట్లాడుతున్నంతసేపూ మిగిలినవి ఊరుకోవాలి. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పెద్దమనిషి అక్కడ ఉండడు. ప్రతి పరికరమూ ముందు గాలిని ఆలకిస్తుంది. నిశ్శబ్దంగా ఉంటే మనసులో ఏదో ఒక చిన్న అంకె అనుకుని, అంతసేపు ఆగి, అప్పుడు పలుకుతుంది. రెండు ఒకేసారి పలికితే రెండు మాటలూ పాడవుతాయి, మళ్లీ మొదటినుంచి. ఢీకొన్నవాళ్లు తలా కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలన్న ఈ ఆలోచన 1971లో హవాయి విశ్వవిద్యాలయం నడిపిన అలోహానెట్ నుంచి వచ్చింది. దీవుల మధ్య తీగలు లాగలేక రేడియోతో కంప్యూటర్లను కలిపినవాళ్ల తెలివి అది. ఇవాళ మన వంటింటి బల్బులో పనిచేస్తోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ పద్ధతిలో అందరికీ సమానంగా దక్కేవి వంతులే, కాలం కాదు. బలమున్నవాడు బిందెడు నీళ్లు క్షణంలో తోడేస్తాడు. చేతిలో సత్తువ లేనివాడు అదే బిందెకు చాలాసేపు తీసుకుంటాడు. అంతసేపూ అందరూ నిలబడాల్సిందే.

మా అక్కయ్య ఇంట్లో ఆ సత్తువ లేనిది గేటు కెమెరా. రూటరు పేజీ తెరిచి చూస్తే దాని పక్కన మైనస్ 84 అని ఉంది, సెకనుకు 6 మెగాబిట్ల వేగం అని ఉంది. ఈ మైనస్ అంకె సంకేత బలానికి కొలత. పది అంకెలు తగ్గితే శక్తి పదో వంతుకు పడిపోతుంది. 100 మిల్లీవాట్లతో బయలుదేరిన సంకేతం మైనస్ 80 దగ్గరకు వచ్చేసరికి వెయ్యి కోట్లో వంతు మిగులుతుంది. మైనస్ 84 అంటే అంతకన్నా తక్కువ. అంత సన్నని గొంతును అర్థం చేసుకోవాలంటే నెమ్మదిగా, విడమరిచి పలకడం తప్ప దారి లేదు. అందుకే వేగం 6కు పడిపోయింది.

1500 బైట్ల ప్యాకెట్, అంటే ఒక్కసారికి పంపే సమాచారపు మూట, ఒకటి తీసుకుందాం. 12,000 బిట్లు. 144 మెగాబిట్ల వేగమున్న ఫోను దాన్ని 0.08 మిల్లీసెకన్లలో పంపేస్తుంది. గేటు కెమెరాకు 2 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే దాదాపు 24 రెట్లు. పైగా కెమెరా ఊరుకునే రకం కాదు, రాత్రీ పగలూ సెకనుకు 2 మెగాబిట్ల వీడియో పంపుతూనే ఉంటుంది. 6 మెగాబిట్ల దారిలో 2 మెగాబిట్లంటే ఆ ఛానెలు కాలంలో మూడో వంతు దానికే పోయింది. పాడైన ప్యాకెట్లను తిరిగి పంపే కాలం దీనికి అదనం. ఇన్నాళ్లూ బావగారు డబ్బు కట్టింది మరో చోట వేగానికి!

బల్బులు, ప్లగ్గుల వంటి చవక పరికరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి) ఒక్కటే తెలుసు. ఆ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. గోడలు దాటడంలో వైఫై వాడే మరో పట్టీ అయిన 5 గిగాహెర్ట్జ్ కన్నా మేలు. కానీ పట్టీ ఇరుకు. అందులో మనకు 13 ఛానెళ్లున్నా అవి 5 మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, ఒక్కో సంభాషణకు దాదాపు 20 కావాలి. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండాలని సాధారణంగా వాడేవి 1, 6, 11. మనదేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేకుండా ఎవరైనా వాడుకోగల పట్టీ ఇది. బ్లూటూత్ ఇక్కడే, మైక్రోవేవ్ ఓవెను కూడా ఇక్కడే. అక్కయ్య రూటరు 3వ ఛానెలు మీద కూర్చుంది. అటు 1 మీదున్న పక్కింటివాళ్లతోనూ, ఇటు 6 మీదున్న మేడమీది వాళ్లతోనూ తగువే. ఒకే ఛానెలు మీద ఉన్నవాళ్లు ఒకరినొకరు విని వంతు ఇచ్చుకుంటారు. సగం సగం మీద పడేవాళ్లకు ఎదుటి మాట అర్థం కాదు, రొదగానే వినిపిస్తుంది. దాన్ని 11కు మార్చాం. ఛానెలు వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచాం.

ఇక రూటరు ఎక్కడుందంటే, వెనక పడకగదిలో ఇనుప బీరువా మీద, పెట్టెల వెనకాల. కంటికి కనబడకూడదని చాలా ఇళ్లలో అక్కడే పెడతారు. ఇనుము ఈ తరంగాలను అద్దంలా తిప్పికొడుతుంది. నీళ్లు పీల్చుకుంటాయి, కాబట్టి చేపల తొట్టి పక్కన కూడా పెట్టకూడదు. నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా నుంచి సంకేతం గారె ఆకారంలో చుట్టూ పరుచుకుంటుంది, సరిగ్గా పైకీ కిందికీ తక్కువ. రూటరును హాలు మధ్య గోడకు, మనిషి ఎత్తున, బయటికి కనిపించేలా బిగించాం. అక్కయ్యకు మొదట నచ్చలేదు.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది కేబులు. కదలని వస్తువుకు గాలి ఎందుకు? టీవీలు రెండింటికీ తీగ వేశాం. వరండాలో చిన్న యాక్సెస్ పాయింటు (కేబులు ద్వారా వచ్చే నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టి, హాలు నుంచి దానికి కేబులు లాగి, గేటు కెమెరాను దానికి కలిపాం. దానికి 1వ ఛానెలు ఇచ్చాం, పక్కింటివాళ్లతో వంతులు పంచుకుంటుంది. రిపీటరు చవకే కానీ, విన్న ప్రతి మాటనూ అదే ఛానెలు మీద మళ్లీ చెప్పాలి కాబట్టి ఉన్న కాలాన్ని రెట్టింపు తినేస్తుంది. ఇక్కడ కాలమే కరువు, అందుకే వద్దన్నాను. ఫోన్లకు 5 గిగాహెర్ట్జ్ కోసం వేరే పేరు పెట్టి, బల్బులను పాత పేరు మీదే వదిలేశాం. లేకపోతే ఆరింటినీ మళ్లీ ఒక్కొక్కటిగా కలపాల్సి వచ్చేది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రెండు మూడు బల్బులు తప్పిపోయేవి. బల్బు క్షణాల్లో మేల్కొంటుంది, రూటరుకు నిమిషం పైనే పడుతుంది. కొన్ని పరికరాలు కాసేపు వెతికి, కనబడక ఊరుకుంటాయి. రూటరునూ ఫైబరు పెట్టెనూ ఇన్వర్టరు లైనుకు మార్చాక ఆ బాధ పోయింది.

గేటు కెమెరా ఇప్పుడు మైనస్ 55 చూపిస్తోంది. మొన్న రాత్రి ఎనిమిదిన్నరకు మేనకోడలు వంటింట్లో స్టవ్వు మీద ఏముందో వీడియోలో చూసి చెప్పింది.

పెరట్లో మోటారు స్విచ్చు మాత్రం ఇప్పటికీ మైనస్ 81 దగ్గరే ఉంది, మధ్యలో నీళ్ల తొట్టి గోడ ఉంది. బావగారు దానికి కూడా కేబులు లాగుదామన్నారు. అక్కర్లేదని చెప్పాను. అది రోజులో ఒకటి రెండుసార్లు ఆన్, ఆఫ్ అని చెబుతుంది, మిగిలిన సమయంలో అప్పుడప్పుడు తానున్నానని ఒక పలుకు పలుకుతుంది. ఎంత నెమ్మదిగా మాట్లాడినా ఆ కాసిని బైట్లతో ఎవరి వంతూ పోదు.