ఇంట్లో చేసిన రే గన్‌కి కొత్త లైట్లు: అపోహలు - వాస్తవాలు

పీవీసీ పైపు ముక్కలు, పాత టార్చి మూతలు, వెండిరంగు స్ప్రే... వీటితో రే గన్‌లు (సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో కాంతి కిరణాలు వదిలే తుపాకుల బొమ్మలు), అంతరిక్ష హెల్మెట్లు చేయడం నా పని. "లైటు సరిగ్గా వెలగట్లేదు, మంచిది వేసిపెట్టండి" అంటూ తెచ్చినవాటిని విప్పి చూస్తే, చాలాసార్లు లైటు నిక్షేపంలా ఉంటుంది. తేడా అంతా బ్యాటరీ దగ్గరే.

అపోహ: చిన్న పెట్టెలా ఉండే 9 వోల్టుల బ్యాటరీకి పవర్ ఎక్కువ.

వాస్తవం: వోల్టులు ఎక్కువే, సరుకు తక్కువ. ఆల్కలైన్‌దైతే సుమారు 500 మిల్లీఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత చార్జి ఉందో చెప్పే కొలత). మామూలు డబుల్ ఏ సెల్‌లో 2000కి పైనే ఉంటుంది. పైగా తెల్ల ఎల్ఈడీకి కావాల్సింది దాదాపు 3 వోల్టులే. మిగిలిన 6 వోల్టులనూ రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే చిన్న భాగం) మింగి వేడిగా వదిలేస్తుంది. అంటే మీరు కొన్న బ్యాటరీలో మూడింట రెండొంతులు రెసిస్టర్‌కే నైవేద్యం. మూడు డబుల్ ఏ సెల్స్ వరసగా పెడితే 4.5 వోల్టులు వస్తాయి. దానికి 82 ఓమ్‌ల రెసిస్టర్ చాలు, తుపాకీ పిడిలో చోటూ సరిపోతుంది.

అపోహ: రంగురంగుల ఎల్ఈడీలన్నీ పక్కపక్కనే కలిపేసి ఒకే రెసిస్టర్ పెట్టొచ్చు.

వాస్తవం: ఎరుపుకి 2 వోల్టులే చాలు కాబట్టి కరెంటంతా అదే లాగేసుకుంటుంది. పక్కనున్న నీలం వెలగనే వెలగదు. ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్ వేయండి, పిసినారితనం ఇక్కడ పనికిరాదు.

అపోహ: 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే సర్క్యూట్ కాలిపోతుంది.

వాస్తవం: కాలదు. సర్క్యూట్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. మీరు చూసుకోవాల్సింది వోల్టేజీ, ప్లస్ మైనస్.

అపోహ: రంగులు మారే ఎల్ఈడీ స్ట్రిప్‌కి ఆర్డుయినో (లైట్లను ప్రోగ్రాంతో నడిపే చిన్న బోర్డు) 5 వోల్టుల పిన్ నుంచే పవర్ ఇవ్వొచ్చు.

వాస్తవం: నాలుగైదు లైట్లకైతే ఇవ్వండి. నేనూ ఒకసారి ఇక్కడే బోల్తా పడ్డాను. హెల్మెట్ అంచు చుట్టూ 24 లైట్లు. ఎరుపు పరిగెత్తించినంతసేపు భేషుగ్గా ఉంది. తెలుపు ఆన్ చేయగానే మొదటి లైటు తెల్లగా, చివరికొచ్చేసరికి నారింజ రంగులో! ఆ వెంటనే బోర్డు రీసెట్. ప్రోగ్రాంలో తప్పుందనుకుని రాత్రంతా కోడ్ తిరగేశాను. అసలు సంగతి చిన్న గుణకారం. ఆ స్ట్రిప్‌లోని డబ్ల్యూఎస్2812బి రకం లైటు పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. 24 కలిపితే 1.4 ఆంపియర్లు. నేను వాడిన ఊనో అనే ఆర్డుయినో బోర్డులో యూఎస్‌బీ ఫ్యూజేమో 500 మిల్లీఆంపియర్లది. వోల్టేజీ పడిపోతే ముందు నీలం, ఆకుపచ్చ మసకబారతాయి, ఎరుపు నిలబడుతుంది. ఆ నారింజ అందుకే. తర్వాత విడి పవర్ సప్లై నుంచి వైర్లను నేరుగా స్ట్రిప్ రెండు చివర్లకూ ఇచ్చి, బోర్డు గ్రౌండ్‌ని (మైనస్ వైరుని) సప్లై గ్రౌండ్‌తో కలిపాను. సప్లై దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త చార్జి దాచి వోల్టేజీ ఒడిదుడుకులను సర్దే భాగం), డేటా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్ వేశాను. మళ్లీ పేచీ పెట్టలేదు.

అపోహ: పవర్ బ్యాంక్ పెట్టేస్తే ఇక టెన్షన్ ఉండదు.

వాస్తవం: పెద్ద స్ట్రిప్‌కి బాగుంటుంది. ఒకట్రెండు ఎల్ఈడీలే ఉంటే మాత్రం, ఫోన్ తీసేశారేమో అనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి.

అపోహ: పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే లిథియం సెల్స్ ఊరికే వస్తాయి కదా.

వాస్తవం: ఆ సెల్స్‌కి విడిగా రక్షణ సర్క్యూట్ ఉండదు. వదులైన వైరు ఒకటి తగిలి షార్ట్ అయితే మంట లేచే ప్రమాదం ఉంది. రక్షణ బోర్డు ఉన్న కొత్త సెల్ కొనండి, ప్లస్ దగ్గరే ఫ్యూజు వేయండి, కళ్లముందే ఛార్జ్ చేయండి. పిల్లలు ఆడే వస్తువైతే నేను లిథియం అడిగినా పెట్టను.

అపోహ: ఎంత వెలుగుంటే అంత నిజంగా కనిపిస్తుంది.

వాస్తవం: లోపలి ఎల్ఈడీ చుక్క కంటబడిందా, మాయ పోయినట్టే. దాని తలని సన్న శాండ్‌పేపర్‌తో మసకగా రుద్ది, రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి ముందు బటర్ పేపర్ అతికించండి. ఇంకా కళ్లలో గుచ్చుకుంటుంటే 82 తీసేసి 220 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి. వెలుగు కాస్త తగ్గినట్టుంటుందంతే, సెల్స్ మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ కాలమే వస్తాయి.