‘నిలబడు’లో పడేదెవరు?

పర్లాకిమిడి

అమ్మడూ, చిన్నోడా,

మొన్న ఫోన్‌లో అమ్మడు అడిగిన ప్రశ్న అప్పటి నుంచీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది. స్కూల్ ఫంక్షన్ రిహార్సల్‌లో టీచర్ "టర్న్ ఇట్ డౌన్" అంటే నువ్వు స్పీకర్‌ని తిప్పి బోర్లా పెట్టావట. ఆవిడ అడిగింది సౌండ్ తగ్గించమని. "టర్న్ అంటే తిప్పడం, డౌన్ అంటే కింద, మరి తగ్గించడం ఎక్కణ్నుంచి వచ్చింది తాతయ్యా?" అన్నావు. నీ తప్పేం లేదమ్మా, ఏ మాటకామాట అర్థం సరిగ్గానే పట్టుకున్నావు.

మా ఇంట్లో ఒక ఎర్ర ఎద్దు ఉండేది. జత మారితే దాని నడకే మారిపోయేది. ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బ్స్ అనే జంట మాటలూ అంతే, జత మారితే అర్థమే మారిపోతుంది. ‘లుక్’ అలాంటి ఎద్దే. ‘ఫర్’తో కాడి కడితే వెతకడం, ‘ఆఫ్టర్’తో కడితే బాగోగులు చూసుకోవడం, ‘అప్’తో కడితే డిక్షనరీలో మాట వెతికి చూడటం. ఎద్దుల్ని విడివిడిగా ఎంత చూసినా సాలు ఎలా పడుతుందో తెలీదు, రెంటినీ కట్టి దున్నించాల్సిందే. కొన్ని జతల మధ్య చోటుంటుంది. "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్" అనొచ్చు, "టర్న్ ద ఫ్యాన్ ఆఫ్" అనొచ్చు. కానీ ‘ఇట్’, ‘దెమ్’ లాంటి చిన్న మాటలు లేగదూడల్లా మధ్యలోనే నడవాలి, "టర్న్ ఇట్ ఆఫ్" అనే అనాలి. ‘లుక్ ఆఫ్టర్’ మాత్రం దూడని కూడా మధ్యకు రానివ్వదు, "లుక్ ఆఫ్టర్ హిమ్" అంతే. ఏ జత ఎలాంటిదో వాడగా వాడగా పట్టుబడుతుంది.

నా చిన్నప్పుడు మన ఊరి నుంచి నౌపడాకి చిన్న గేజి రైలుండేది, 1900లో వేసిన లైను. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది కానీ ఆ రైలు కూత నాకింకా చెవుల్లోనే ఉంది. ఓసారి రైలు నిండా జనం, కూర్చోడానికి చోటు లేదు. నేనేమో నాన్నని "గివ్ అంటే ఇవ్వడం కదా, గివ్ అప్ అంటే మానుకోవడం ఎలా అయింది?" అని అడుగుతున్నాను. "కాసేపు నిలబడరా" అన్నారు. నిలబడ్డాను. "ఇప్పుడు పడ్డావా మరి?" అన్నారు. ఆ మాటకి ఆగిపోయాను. కనబడు, బయటపడు, ఎగబడు, తిరగబడు... నౌపడా వచ్చేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను. ఒక్కదాంట్లోనూ ఎవరూ కిందపడటం లేదు! దిగాక నాన్న ఇంకో మాటన్నారు, "గివ్ అప్‌కి మనం చేతులెత్తేశాడు అనమూ? మనమూ పైకే ఎత్తాం కదా."

అందుకే వంద మాటల లిస్టు తెచ్చుకుని బట్టీ పట్టకండి. మన ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర భాషని సవరల నోట విని నేర్చుకుని, ఆ తర్వాతే దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. మీరూ విన్నది విన్నట్టు, పూర్తి వాక్యంతో నోట్‌బుక్‌లో రాసుకోండి. వారానికి ఐదు చాలు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వెయ్యడం అని కాకుండా, "వాన వల్ల మ్యాచ్ పుట్ ఆఫ్ చేశారు" అని రాసుకుంటే ఆ వాన కూడా గుర్తుంటుంది.

ఇంకొక్కటి. ‘డ్రింక్’ పక్కన ‘అప్’ చేరితే మొత్తం తాగెయ్యడం, ‘ఈట్’ పక్కన చేరితే మిగల్చకుండా తినెయ్యడం. పైకి అనే మాటకీ పూర్తిగా అనడానికీ ఏమిటి సంబంధం? ఈ రాత్రి అమ్మ "పాలు తాగెయ్" అంటుంది కదా, ఆ మాట చివర దాక్కున్న ‘వెయ్’ ఏం చేస్తోందో గ్లాసు పట్టుకుని కాసేపు ఆలోచించండి. తోచింది నాకు రాయండి.

మీ తాతయ్య